చికాగోలో చదువు, మొదటి మారథాన్

ప్రశ్న: చికాగోలో ఎమ్మెస్ చేస్తున్నానండి. అక్టోబర్‌లో జరిగే ఇక్కడి మారథాన్‌కి పేరిచ్చా, కానీ ఇప్పటిదాకా పది కిలోమీటర్లు దాటి పరిగెత్తలేదు. క్లాసులు, పార్ట్‌టైమ్ జాబ్ మధ్య అవుతుందంటారా? అమ్మ భయపడుతోంది.

జవాబు: అవుతుందమ్మా, కాకపోతే కనీసం నాలుగైదు నెలలు చేతిలో ఉండాలి. రోజూ అక్కర్లేదు, వారానికి నాలుగు రోజులు చాలు, అందులో ఆదివారం లాంగ్ రన్ పెట్టుకో, అది మెల్లిగా పెంచుకుంటూ 30-32 కిలోమీటర్ల దాకా వెళ్తే చాలు, మారథాన్ మొత్తం దూరం 42.195 కిలోమీటర్లూ ముందే పరిగెత్తి చూడాలనుకోకు, కాళ్లు కోలుకోవు. మిషిగన్ లేక్ పక్కన దాదాపు 29 కిలోమీటర్ల ట్రైల్ ఉంది కదా, ప్రాక్టీసుకి అంతకంటే ఏం కావాలి! రేస్ రూట్ కూడా చదునే, ఆరున్నర గంటల టైమ్ ఇస్తారు, మధ్యలో నడిచినా పర్లేదు.

నాకు బెంగంతా మీ తిండీ నిద్ర గురించే, అసైన్‌మెంట్లున్నాయని రెండూ ఎగ్గొట్టేస్తారు. రేస్ ముందు రోజు కొత్త వంటలొద్దు, అలవాటైన అన్నం పప్పే తిను. నీళ్లు దాహాన్ని బట్టి తాగు, అతిగా తాగితే ఒంట్లో సోడియం పడిపోయి ప్రమాదం. ఛాతీలో నొప్పో కళ్లు తిరగడమో ఉంటే పరుగు ఆపి డాక్టర్‌కి చూపించుకో. అమ్మకి ఈ జాగ్రత్తలన్నీ ఫోన్‌లో వివరంగా చెప్పు, సగం భయం పోతుంది.