ఆటగది: దాచిన నిధులు, దొరకని నిధులు

ప్రశ్న: అక్కా, మాది విజయవాడ గుణదల. బీటెక్ రెండో ఏడాది చదువుతున్నాను. 'అన్‌చార్టెడ్: ది లాస్ట్ లెగసీ' గేమ్ మొన్ననే పూర్తిచేశాను. కథ అదిరిపోయింది. తీరా లెక్క చూసుకుంటే అందులో దాచిన ట్రెజర్లలో సగం కూడా దొరకలేదు. వీడియో పక్కన పెట్టుకుని ఆపుకుంటూ ఏరుకోమంటున్నారు ఫ్రెండ్స్. నాకేమో అలా ఆడబుద్ధి కావడంలేదు. సొంతంగా వెతకడానికి ఏమన్నా పద్ధతి ఉందా?

జవాబు: ఉంది తమ్ముడూ. ఆ వీడియోల జోలికి పోనందుకు ముందు నిన్ను మెచ్చుకోవాలి. ఎవరో చెప్పిన చోటికి వెళ్ళి ట్రయాంగిల్ నొక్కి రావడంలో నువ్వు ఆడిందేముంది?

గుంటూరు బ్రాడీపేటలో మాది కంట్రోలర్లు, కన్సోళ్ళు బాగుచేసే షాపు. కౌంటర్ దగ్గర కూర్చునేది నేనే. రిపేరుకొచ్చే కంట్రోలర్లు చేతిలోకి తీసుకుంటే ఒక సంగతి తెలుస్తుంది. ఎడమ స్టిక్ మీద రబ్బరు అరిగి, అంచులు లేచిపోయి ఉంటుంది. కుడి స్టిక్ మాత్రం నిన్న కొన్నట్టే ఉంటుంది. ఎడమది మనిషిని నడిపేది, కుడిది చూపు తిప్పేది. అంటే మనవాళ్ళు పరిగెత్తుతున్నారు గానీ చూడటంలేదు. బాగుచేసినదాన్ని ఇచ్చేముందు కస్టమర్ చేతే కాసేపు ఆడిస్తాం కదా, అప్పుడూ అదే వరస. గదిలో అడుగుపెట్టడం ఆలస్యం, ఎదురుగా కనిపించిన ద్వారంలోంచి బయటికి దూకేస్తారు.

ఈ గేమ్‌లో ట్రెజర్ ఎప్పుడూ వెలుగుతూ ఉండదు. ఆగి ఆగి ఒక మెరుపు మెరుస్తుంది. ఆ రెండు మెరుపుల మధ్య నువ్వు పరిగెత్తుకుంటూ దాటిపోతే నీ కంటికది మామూలు మట్టే. అందుకని కొత్తచోటికి రాగానే ఎడమచెయ్యి ఆపు. నుంచున్నచోటే నుంచుని కుడి స్టిక్‌తో నెమ్మదిగా ఒక చుట్టు చూడు. కింద నేల, పైన అంచులు కూడా వదలకు. కాస్త చీకటిగా ఉన్న గదులైతే మరీ మంచిది, మెరుపు దాక్కోలేదు. పట్టపగలు, నీళ్ళ పక్కన, ఎండ పడే రాళ్ళ మీద అయితే మాత్రం కళ్ళు చిట్లించుకోవాల్సిందే.

ఇక ఎక్కడ చూడాలన్నది. కథ నిన్నెటు తీసుకెళ్ళాలనుకుంటుందో గేమ్ దాచుకోదు. వెలుతురు అటే పడుతుంది. ఎక్కాల్సిన రాతి అంచు పక్కరాళ్ళకంటే లేతరంగులో ఉంటుంది. కథలో నీకు తోడుండే నదీన్ ముందు నడుస్తూ అటే పోతుంది. ఇవన్నీ చూసి దారి ఏదో తెలుసుకో, తెలుసుకున్నాక ఆ దారి తప్ప మిగతావన్నీ తిరుగు. లోపలికొచ్చిన ద్వారం వైపు వెనక్కి తిరిగి, దాని పక్కగోడ వెనక చూడు. మెట్లు ఎక్కేముందు మెట్ల కింద చూడు. గోడకి వేళ్ళాడుతూ కుడికి పోవాల్సి వస్తే ఎడమ వైపు కూడా పట్టు అందుతుందేమో ఒకసారి చెయ్యి చాపు. అది అన్నిటికంటే పెద్ద గుర్తు. ఏ పట్టూ దానంతటది పుట్టదు, ఎవరో కూర్చుని అక్కడ పెడితేనే ఉంటుంది. కథకి అక్కర్లేని పట్టు పెట్టారంటే ఆ చివర ఏదో పెట్టే ఉంటారు.

వెనక్కి రానివ్వని చోట్లు కూడా కనిపెట్టుకోవాలి. జారుడు వాలు, ఎత్తునుంచి దూకాల్సిన చోటు, ఇద్దరూ కలిసి ఎత్తి లోపలికి దూరాల్సిన బరువు తలుపు, నదీన్ చేతులు పట్టి పైకెక్కించే గోడ. వీటిని దాటితే చాలావరకు వెనకది మూసుకున్నట్టే. అక్కడికి రాగానే ఆగి, ఇంకా చూడని మూల ఏదన్నా మిగిలిందా అని మనసులో లెక్కేసుకో.

నీ ఉత్తరం చూస్తే నాలుగో చాప్టర్ పైపైనే కానిచ్చేశావనిపిస్తోంది. పడమటి కనుమల్లో జీపేసుకుని ఎటు కావాలంటే అటు తిరగనిచ్చే చాప్టర్ అది. మిగతావాటిలా ఒకే దారి కాదు. అక్కడ హొయసల టోకెన్లు 11 ఉన్నాయి. కథకి వాటితో పనిలేదు, వదిలేసినా ముందుకు పోవచ్చు. అన్నీ తెచ్చినవాళ్ళకి మాత్రం 'క్వీన్స్ రూబీ' దక్కుతుంది. చేతికి పెట్టుకునే ఆభరణం. దగ్గర్లో ట్రెజర్ ఉంటే అది వెలుగుతుంది, గంటలా చిన్న చప్పుడు చేస్తుంది. అంటే వెతకడానికి పనికొచ్చే వస్తువునే వెతుక్కునేవాళ్ళకి బహుమానంగా పెట్టారు! ఎవరి ఆలోచనో గానీ నాకు భలే నచ్చింది. కాబట్టి నాలుగో చాప్టర్‌తో మొదలుపెట్టు. టోకెన్లు పూర్తిచేసి, రూబీ చేతికొచ్చాకే ట్రెజర్ల వేటకి దిగు. జీపు శిథిలాల దాకా మాత్రమే. అక్కడ దిగి నడవాలి, జీపులోంచి చూసి ఏమీ లేదనుకోవద్దు.

కథ అయిపోయింది కాబట్టి కొత్తగా మొదలెట్టక్కర్లేదు. చాప్టర్ సెలెక్ట్‌లోకి వెళ్ళు. దొరికినవి దొరికినట్టే ఉంటాయి, మిగిలినవాటికోసం తిరిగితే చాలు. డిఫికల్టీ బాగా తగ్గించుకో, ట్రెజర్ల లెక్కకీ దానికీ సంబంధం లేదు. కాల్పులు తొందరగా ముగిస్తే ఆ చోటంతా నీదే.

ఇంకొక్క మాట, ఇది నిధులకి సంబంధించింది కాదు. గేమ్‌లో నువ్వు నడిపే క్లోయీ వెతికేది వినాయకుడి విరిగిన దంతం. పరశురాముడి గొడ్డలి దెబ్బకి దంతం పోయిన కథ మనింట్లో పిల్లలకి చెప్పుకునేదే. గేమ్‌లోని అడవి నగరం ఊహ. కర్ణాటకని ఏలిన హొయసల రాజులు మాత్రం ఊహ కాదు. బేలూరు చెన్నకేశవాలయాన్ని విష్ణువర్ధనుడు 1117లో ప్రతిష్ఠించాడు. ఇవాళ్టికీ అక్కడ పూజలు జరుగుతున్నాయి. బేలూరు, హళేబీడు, సోమనాథపుర ఆలయాలు మూడూ కలిపి 2023లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరాయి. హళేబీడు గుడి బయటిగోడ అడుగున ఏనుగుల వరస ఉంటుంది. రాయి మెత్తటిది, సబ్బురాయి, అందుకే నగల మీది పూసల దాకా చెక్కగలిగారు. గేమ్‌లో గోడల మీది శిల్పాలు కూడా ఆ పనిని చూసే గీశారని తెలిసిపోతుంది. ట్రెజర్ లేకపోయినా ఆ గోడల దగ్గర కాసేపు నుంచో. క్లోయీ ఫోన్ తీసి ఫోటోలు తీసుకునే చోట్లు కొన్ని ఉన్నాయి, వాటినీ వదిలిపెట్టకు.

ప్రశ్న: మేడమ్, మేం పటమటలో ఉంటాం. మా అబ్బాయి ఇంటర్ సెకండియర్. అన్నానికి పిలిస్తే "ఇంకొక్కటే ఉందమ్మా, ఇప్పుడాపితే అంతా పోతుంది" అంటాడు. నిజంగానే పోతుందా, నాకు తెలియదని అలా చెబుతున్నాడా?

జవాబు: పూర్తిగా అబద్ధమూ కాదండీ, అంతా పోవడమూ జరగదు. ఇలాంటి కథల గేముల్లో దాచిన వస్తువు చేతికి రాగానే లెక్కలో పడిపోతుంది. మనిషి ఉన్నచోటు మాత్రం చెక్‌పాయింట్ దాకానే గుర్తుంటుంది. చెక్‌పాయింట్ అంటే గేమ్ తనంతట తాను సేవ్ చేసుకునే చోటు. అక్కణ్ణుంచి ఇప్పటిదాకా ఎక్కిన కొండేదో మళ్ళీ ఎక్కాల్సి వస్తుంది, అంతే. కొన్ని గేముల్లో ఆడేవాళ్ళే సేవ్ చేసుకోవాలి, వాటిలో చేసుకోకపోతే నిజంగానే పోతుంది. అందుకని "ఆపెయ్" అనకుండా "చెక్‌పాయింట్ రాగానే రారా" అనండి. ఆ మాట మీ నోటినుంచి వింటే వాడికి మీమీద గురి కుదురుతుంది.

ప్లేస్టేషన్‌లో రెస్ట్ మోడ్ అని ఉంది. ఆఫ్ చెయ్యకుండా నిద్రపుచ్చితే తినొచ్చాక ఆపినచోటే మొదలవుతుంది. కాకపోతే ఆ మధ్యలో కరెంటు పోయిందో, చెక్‌పాయింట్ నుంచే మళ్ళీ. మన బెజవాడ ఎండాకాలంలో ఆ సంగతి నేను చెప్పాలా? ఇన్వర్టర్ లైను టీవీ ప్లగ్గుదాకా ఉంటే బాధలేదు.

పరీక్షల నెలలో మాత్రం నా అభిప్రాయం గట్టిదే. కొత్త కథ మొదలెట్టనివ్వకండి. సగం కథలో ఉన్న పిల్లాడికి పుస్తకం ఎక్కదు. పూర్తయిన గేమ్‌లో మిగిలిన వస్తువులు ఏరుకోవడమైతే అరగంట ఆడి లేవచ్చు, తర్వాతేమవుతుందోనన్న ఆత్రం ఉండదు. ఆ అరగంట ఇవ్వండి.

ప్రశ్న: అమ్మా, నేను గుంటూరు లక్ష్మీపురంలో ఉంటున్న రిటైర్డు టీచర్ని. మా మనవడు బెంగళూరు వెళుతూ ప్లేస్టేషన్ ఇక్కడే వదిలివెళ్ళాడు. కథల గేములు నాకు బాగా పట్టుబడ్డాయి. కానీ కాటరాక్ట్ ఆపరేషన్ అయిన కళ్ళు. ఎక్కడో మెరిసే చిన్న వస్తువులు ఆనవు. నాలాంటివాళ్ళు వాటిని వదులుకోవలసిందేనా?

జవాబు: మాస్టారూ, వదులుకోవద్దు. మీ ఉత్తరం చదివినప్పటినుంచీ మీకేం చెప్పాలా అని ఆలోచిస్తూనే ఉన్నాను.

మీ మనవడిది ప్లేస్టేషన్ 5 అయితే 'ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 1' పెట్టుకోండి. 2013లో వచ్చిన గేమ్‌ని 2022లో మళ్ళీ కొత్తగా చేశారు. చూపు తక్కువైనవాళ్ళు, అసలు చూపు లేనివాళ్ళు కూడా ఆడగలగాలని దాని సెట్టింగ్స్‌లో చాలా ఏర్పాట్లు పెట్టారు. అందులో యాక్సెసిబిలిటీ అనే భాగం తెరిచి హై కాంట్రాస్ట్ ఆన్ చెయ్యండి. వెనకదంతా బూడిదరంగులోకి వెలిసిపోయి, మనవాళ్ళు నీలంగా, శత్రువులు ఎర్రగా, తీసుకోవలసిన వస్తువులు పసుప్పచ్చగా కనిపిస్తాయి. ఆ పసుపు మీ కంటికి ఆనకపోవడం ఉండదు. తర్వాత ఎన్‌హాన్స్‌డ్ లిజన్ మోడ్ కూడా పెట్టుకోండి. మీటలు నొక్కితే చుట్టుపక్కల వస్తువులున్న దిక్కునుంచి చప్పుడొస్తుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే ఎడమా కుడీ తేడా తెలుస్తుంది. అటు తిరిగి నడవడమే.

దీంట్లో ఫైర్‌ఫ్లైస్ అనే దళంవాళ్ళ పతకాలు 30 ఉన్నాయి, ఒక్కోదాని మీద ఒక్కో మనిషి పేరు. కొన్నిటిని చెట్టుకొమ్మలకి వేళ్ళాడదీశారు, కాల్చి పడగొట్టి తీసుకోవాలి. కాబట్టి చెట్లు కనిపించినప్పుడల్లా చూపు పైకెత్తండి. ఉత్తరాలు, చీటీలు కూడా అక్కడక్కడా దొరుకుతాయి. వాటిని తీసి పక్కన పెట్టెయ్యకుండా చదవండి. ఖాళీ అయిపోయిన ఇళ్ళల్లో ఒకప్పుడు ఉన్నవాళ్ళు రాసుకున్నవి అవి. ఎన్నో పరీక్ష పేపర్లు దిద్దిన మీకు ఆ రాతల్లో మనుషులు తేలిగ్గా కనిపిస్తారు. అసలు ఈ గేమ్‌లో ఏరుకోదగ్గ సొత్తు అవేనని నా నమ్మకం.

ముందే చెబుతున్నాను, నెత్తురు ఎక్కువ. పెద్దవాళ్ళకోసం చేసిన గేమ్. పక్కన చిన్నపిల్లలున్నప్పుడు పెట్టకండి.

చెవితో వెతకడం బాగుందనిపిస్తే ఆ తర్వాత 2018లో వచ్చిన 'గాడ్ ఆఫ్ వార్' చూడండి. ఓడిన్ అనే దేవుడి కాకోలాలు, అంటే పెద్ద కాకులు, 51 ఉంటాయి. గొడ్డలి విసిరి వాటిని పడగొట్టాలి. పచ్చగా మెరుస్తూ వాలి ఉంటాయి, కొన్ని ఎగురుతుంటాయి. కనపడేకంటే ముందు అరుపు వినిపిస్తుంది. సంగీతం వాల్యూమ్ తగ్గించి మిగతా శబ్దాలు పెంచుకోండి, గొడ్డలి విసరడం ఒకటి రెండు రోజుల్లో చేతికొస్తుంది. కథ పూర్తయ్యాక కూడా తిరగనిస్తుంది కాబట్టి తొందరేం లేదు.

సెట్టింగ్స్‌లో ఇబ్బందయితే కన్సోల్ ఆటోలో వేసుకుని బ్రాడీపేట రండి. నేను దగ్గరుండి అన్నీ పెట్టిస్తాను. డబ్బులు తీసుకోను.

ప్రశ్న: అక్కా, కొరిటెపాడు నుంచి డిగ్రీ స్టూడెంట్‌ని. మొదటి 'అన్‌చార్టెడ్'లో 60 ట్రెజర్లూ సొంతంగానే పట్టాను! వాటితోపాటు స్ట్రేంజ్ రెలిక్ అని గుడ్డులాంటిది ఒకటి దొరికింది. అది 60 లెక్కలో లేదు, కథతోనూ సంబంధం లేదు. ఏమిటది? అసలిలా దాచిపెట్టే అలవాటు ఎవరిది?

జవాబు: 60కి 60 సొంతంగానా! శెభాష్ తమ్ముడూ. ఆ గుడ్డు వేరే గేమ్‌లోది. 'అన్‌చార్టెడ్' చేసిన నాటీ డాగ్‌వాళ్ళే 2001లో ప్లేస్టేషన్ 2కి 'జాక్ అండ్ డాక్స్‌టర్' చేశారు. అందులో ఊరూరా తిరిగి ఏరుకునే ప్రికర్సర్ ఆర్బ్ అది. పాత గేమ్ ఆడినవాళ్ళు చూడగానే గుర్తుపట్టాలని కొత్తదాంట్లో ఒక్కటంటే ఒక్కటి పెట్టారు.

దాచడంలో బాగా పేరొచ్చింది మాత్రం వారెన్ రాబినెట్‌కి. 1980 ప్రాంతంలో అటారీ కన్సోల్‌కి 'అడ్వెంచర్' అనే గేమ్ ఒక్కడే కూర్చుని రాశాడు. ఆ రోజుల్లో అటారీ గేముల మీద రాసినవాళ్ళ పేరు వేసేది కాదు. ఆయన ఎవరికీ చెప్పకుండా లోపల ఒక గది కట్టి, అందులో తన పేరు రాసుకున్నాడు. ఆ గదికి పోవాలంటే ఒక చుక్క కావాలి. తెరమీద ఒకే ఒక్క చుక్క, రంగు కూడా వెనకున్న బూడిదరంగే. దాన్ని మోసుకుపోతే దాటలేని గోడ దాటనిస్తుంది. ఆయన ఉద్యోగం మానేసి వెళ్ళాక ఎవరో కుర్రాడు అది కనిపెట్టి కంపెనీకి ఉత్తరం రాస్తేగానీ వాళ్ళకే తెలియలేదు. కంటికి కనపడని ఆ చుక్కని పట్టుకున్నాడంటే ఆ కుర్రాడు ప్రతి గోడనీ ఎంత ఓపిగ్గా తడిమి ఉంటాడో చూడు. వీడియోల్లేవు, అడగడానికి తెలిసినవాళ్ళూ లేరు.

'అన్‌చార్టెడ్' రెండో భాగంలో 100 ట్రెజర్లు, మూడో భాగంలో ఇంకో 100. రెండింటిలోనూ స్ట్రేంజ్ రెలిక్ ఒక్కోటి ఉంది. ఏ చాప్టర్లోనో నేను చెప్పను. నీకు దొరికాక, ఎక్కడ ఏ మూల చూసి పట్టావో వివరంగా రాయి. జాగా చూసి ఇక్కడే వేయిస్తాను.