గైనకోమాస్టియా (మగవాళ్లలో రొమ్ము పెరగడం) ఆపరేషన్‌కు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాలా, ప్రైవేటు సర్జన్ దగ్గరికా?

ముందు అసలు ఆపరేషన్ అవసరమా అనేది తేలాలి. టీనేజీలో వచ్చే ఛాతీ వాపు చాలామందిలో 6 నెలల నుంచి 2 ఏళ్లలో దానంతటదే తగ్గిపోతుంది. బీపీ, గుండె జబ్బులకు ఇచ్చే స్పైరనోలాక్టోన్ లాంటి మందులు, జిమ్‌లో వాడే స్టెరాయిడ్లు, హార్మోన్ల తేడాలు కూడా కారణం కావచ్చు. ఒకవైపే గట్టిగా గడ్డ తగిలినా, చనుమొన నుంచి రక్తం వచ్చినా ఆలస్యం చేయకుండా చూపించుకోండి, ఎందుకంటే మగవాళ్లకూ అరుదుగా రొమ్ము క్యాన్సర్ వస్తుంది.

కారణం తేల్చే పరీక్షల వరకూ ప్రభుత్వ ఆసుపత్రి చాలాచోట్ల మంచి దారే. ఆపరేషన్ దగ్గరకొచ్చేసరికి, అందం కోసం చేసేదిగా లెక్కేసి వెనక్కి నెట్టడమో, బాగా ఎదురుచూడాల్సి రావడమో జరగొచ్చు. అక్కడ శిక్షణలో ఉన్న డాక్టర్ చేసినా పైన సీనియర్ ఉంటే భయపడక్కర్లేదు.

ప్రైవేటులో తేదీ త్వరగా దొరుకుతుంది, సర్జన్‌ను మీరే ఎంచుకోవచ్చు, కానీ నా దృష్టిలో అసలు జాగ్రత్తపడాల్సింది ఇక్కడే. ప్లాస్టిక్ సర్జరీలో గుర్తింపు పొందిన అర్హత ఉందా, కత్తి పట్టేది ఆయనేనా, మత్తు ఇచ్చేది అనస్థీషియా డాక్టరేనా, రక్తం గూడుకట్టినా చనుమొన కింద గుంట పడినా మళ్లీ సరిచేసే ఖర్చు ఎవరిది, ఇవన్నీ డబ్బు కట్టకముందే అడగండి. రొమ్ము గ్రంథి గట్టిగా ఉన్నా లైపోసక్షన్ (గొట్టంతో కొవ్వు లాగేయడం) ఒక్కటే చాలంటే ఇంకొకరి అభిప్రాయం తీసుకోండి, కొవ్వు పోయినా గ్రంథి మిగిలిపోవచ్చు. ఈరోజే అడ్వాన్స్ కట్టమని తొందరపెట్టే చోట మాత్రం వద్దు.