టైరు వెడల్పు పెంచే ముందు

ప్రశ్న: నా స్పోర్ట్స్ కారుకు 7.5 అంగుళాల వీల్స్, 225/45 ఆర్17 టైర్లు ఉన్నాయి. ఆఫ్‌సెట్ 45. తొమ్మిది అంగుళాల వీల్స్ వేసి 255 టైర్లు ఎక్కించాలనుంది. ఎక్కడైనా రాసుకుంటాయేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం చూసుకోవాలి?

జవాబు: టైరు 255/40 ఆర్17 తీసుకోండి. అంటే వెడల్పు 255 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 40 శాతం, వీల్ వ్యాసం 17 అంగుళాలు. పాతదాని వ్యాసం సుమారు 634 మిల్లీమీటర్లు, దీనిది 636. స్పీడోమీటర్ లెక్క మారదనే చెప్పాలి.

అసలు చిక్కంతా ఆఫ్‌సెట్‌తోనే. అంటే వీల్ వెడల్పు మధ్య గీత నుంచి, వీల్‌ను హబ్‌కు (కారు వైపు వీల్ బిగించే భాగం) ఆనించే ముఖం ఎన్ని మిల్లీమీటర్లు బయటికి ఉందన్న లెక్క. అదే 45 ఉంచితే వీల్ లోపలికి 19, బయటికి 19 మిల్లీమీటర్లు పెరుగుతుంది. లోపల సస్పెన్షన్ స్ట్రట్ (షాక్ అబ్జార్బర్ ఉండే నిలువు కడ్డీ) ఉంటుంది కాబట్టి నేను మొదట అటే చూస్తాను. ఆఫ్‌సెట్ 35 అయితే లోపలికి 9 మాత్రమే, కానీ బయటికి 29 వస్తుంది. ఫెండర్ దగ్గర అంత చోటుందా? డబ్బు కట్టకముందే రెండు వైపులా ఖాళీ స్కేలుతో కొలవండి. స్టీరింగ్ పూర్తిగా తిప్పి ఒకసారి, సస్పెన్షన్ కిందికి నొక్కి ఉన్నప్పుడు ఒకసారి చూడండి. నిలబెట్టిన కారులో తగలని టైరు గుంతలో పడ్డప్పుడు తగులుతుంది.

వెనక టైర్లు మాత్రమే వెడల్పు చేయకండి. మలుపులో ముందు పట్టు చాలక కారు బయటికి జారుతుంది. ఇంకో మాట, వెడల్పు టైరు నీళ్లు నిలిచిన రోడ్డు మీద త్వరగా తేలుతుంది. వాన ప్రయాణాలు ఎక్కువుంటే 8.5 అంగుళాల వీల్, 245/40 టైరు చాలని నా గట్టి అభిప్రాయం.

లోడ్ ఇండెక్స్, అంటే టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే సంఖ్య, పాత టైరు కంటే తగ్గకూడదు. వీల్ మధ్య రంధ్రం హబ్ కంటే పెద్దదైతే సరైన సైజు రింగు వేయించండి.