కుర్చీ కొనకముందు ఒక మాట

చి. బుజ్జికి,

మావయ్య ఆశీస్సులు. ఆదివారం ఫోన్‌లో "మెడ తిప్పితే టక్కుమంటోంది మావయ్యా" అన్నావు. అప్పటి నుంచి మీ అత్త నా ప్రాణం తీస్తోంది, వెంటనే రాయమని. ముప్ఫై వేల కుర్చీ ఒకటి చూశాను, కొననా అని అడిగావు కదా. ఒక నెల ఆగు. నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫోటో పెద్దది చేసి చూశాను. అందులో కనిపించిన తప్పుల్లో కుర్చీ వాటా తక్కువే.

డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ ఉంది. నువ్వు కుర్చీ అంచున కూర్చున్నావు. వీపుకీ కుర్చీకీ మధ్య పిల్లి పడుకునేంత జాగా ఉంది. పాదాలు నేలకి అందక కుర్చీ కింది కమ్మీకి తగిలించావు. భుజాలు చెవుల దాకా వచ్చాయి. ఎడం పక్కన నోటుబుక్కు పరిచి ఉంది. మౌస్ ఎక్కడో నీళ్ళ సీసా అవతల పడి ఉంది.

ముందు ఎత్తు సంగతి చూడు. మన టేబుళ్ళు దాదాపు అన్నీ రెండున్నర అడుగులు, అంటే 75 సెంటీమీటర్ల ఎత్తు. పొడుగు మనిషికి అది సరిపోతుంది. నువ్వు మీ అమ్మలాగే అయిదడుగులు. మామూలు కుర్చీలో కూర్చుంటే నీ మోచెయ్యి టేబుల్ కంటే కిందే ఉంటుంది. అందుకే టైప్ చేసినంతసేపూ భుజాలు పైకి లాగిపెడుతున్నావు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అలా లాగిపెడితే మెడ పట్టెయ్యదూ మరి! టేబుల్ కాళ్ళు కొయ్యలేం కాబట్టి నువ్వే పైకి రావాలి. మెత్తటి దిండు అణిగిపోతుంది, పనికిరాదు. పాత బొంత గట్టిగా మడిచి కుర్చీలో వేసుకో. భుజాలు వదులుగా వదిలేసి మోచెయ్యి మడిస్తే ముంజెయ్యి టేబుల్‌తో సమంగా రావాలి. అదీ లెక్క. అప్పుడు కాళ్ళు ఇంకా పైకి లేస్తాయి గనక కింద పీట వేసుకో, ఒకటి చాలకపోతే రెండు. పాదం మొత్తం ఆనాలి, మునివేళ్ళు ఒక్కటే కాదు. నడుము వెనక తువ్వాలు చుట్టచుట్టి పెట్టుకుని వెనక్కి జరిగి కూర్చో. వీపుని మొయ్యాల్సిన పని కుర్చీకి అప్పగించు. ఇప్పటిదాకా పైసా ఖర్చు లేదు చూడు.

ఖర్చు పెట్టాల్సింది ఒకటుంది. విడి కీబోర్డు కొనుక్కో, మౌస్ ఎలాగూ ఉంది. లాప్‌టాప్‌తో వచ్చిన చిక్కేమిటంటే, స్క్రీన్ కళ్ళ ఎత్తుకి లేపితే కీబోర్డు కూడా గాల్లోకి లేస్తుంది. కీబోర్డు చేతికి అందేలా పెడితే తల బావిలోకి తొంగిచూసినట్టు వంగుతుంది. తల బరువు నాలుగున్నర, అయిదు కిలోలు ఉంటుందిట, ఓ మోస్తరు గుమ్మడికాయంత. గుమ్మడికాయని పొట్టకి ఆనించి పట్టుకుంటే బరువే తెలియదు. చెయ్యి చాపి పట్టుకుని చూడు ఎంతసేపు నిలబడతావో! లాప్‌టాప్ కింద లావుపాటి పుస్తకాలు పేర్చి, స్క్రీన్ పై అంచు నీ కళ్ళకి సమంగానో కాస్త కిందికో ఉండేలా చూసుకో. చెయ్యి చాపితే వేళ్ళు స్క్రీన్‌కి తగిలేంత దూరం ఉంటే చాలు. అక్షరాలు చిన్నగా ఉంటే మెడ ముందుకి చాపకు, కంట్రోల్ పట్టుకుని ప్లస్ నొక్కు.

ఇవన్నీ నాకెలా తెలుసంటావా? 1996లో గవర్నర్‌పేటలో ఒక డీటీపీ షాపులో చేరాను. పధ్నాలుగు అంగుళాల డబ్బా మానిటర్, పేజీలు కూర్చడానికి పేజ్‌మేకర్, తెలుగు కొట్టడానికి అను ఫాంట్లు. రచయితల చేతిరాత కాగితాలు ఎడం పక్కన టేబుల్ మీద పెట్టుకుని కొట్టేవాళ్ళం. రోజంతా నా మెడ ఎడమకే తిరిగి ఉండేది, షాపులో నన్ను "అలిగిన పెళ్ళికొడుకు" అనేవారు. చివరికి మీ అమ్మమ్మ భాగవతం చదువుకునే వ్యాసపీఠం పట్టుకెళ్ళి మానిటర్ పక్కనే పెట్టాను. కాగితం నిలువుగా, కళ్ళ ముందుకొచ్చింది. పదిరోజుల్లో మెడ దారికొచ్చింది. భాగవతం పెట్టేచోట పెళ్ళి శుభలేఖలా అని ఆవిడ నాలుగు మాటలన్నది గానీ వెనక్కి మాత్రం అడగలేదు.

మెడ బాగుపడింది గానీ చెయ్యి దగ్గర మోసపోయాను. కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదువు. తెలుగులో షిఫ్ట్ నొక్కకుండా ఒక వాక్యం పూర్తికాదు. మాఘమాసం వచ్చిందంటే శుభలేఖలతో రాత్రి పదకొండు దాటేది. 2007లో ఒకరోజు రాత్రి రెండింటికి మెలకువ వచ్చింది. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మొద్దుబారి ఉన్నాయి. చిటికెనవేలు మాత్రం శుభ్రంగా ఉంది. చెయ్యి విదిలిస్తే కాసేపటికి తగ్గింది. చెయ్యి కింద పెట్టుకుని పడుకుని ఉంటాను అనుకున్నా. ఏడాదిన్నర అలాగే అనుకున్నా! బామ్ రాసుకోవడం, "వాతంలే" అని పక్కవాడు చెప్పింది నమ్మడం, ఇదే వరస. ఒకరోజు పొద్దున చొక్కా గుండీ పెట్టుకోలేకపోయాను. మీ అత్త పెట్టి, ఆ చేత్తోనే డాక్టర్ దగ్గరికి ఈడ్చుకెళ్ళింది.

మణికట్టులో ఒక ఇరుకు సందు ఉంటుందిట. వేళ్ళని ముడిచే తాళ్ళలాంటివి తొమ్మిది, వాటితోపాటు ఒక నరం, అన్నీ ఆ సందులోంచే పోవాలి. అక్కడ ఇరుకైతే ముందు నలిగేది నరం. మణికట్టు వంచి ఉంచితే ఇంకా నలుగుతుంది. ఆ నరం చిటికెనవేలికి పోదు, అందుకే అది బాగానే ఉంది. ఈ జబ్బుని కార్పల్ టనల్ సిండ్రోమ్ అంటారు. షుగర్, థైరాయిడ్ ఉన్నవాళ్ళకి ఎక్కువగా వస్తుందని పరీక్షలు రాశారు. నాకు షుగర్ ఉన్న సంగతి అప్పుడే బయటపడింది. కాబట్టి పాపమంతా కీబోర్డు నెత్తినే వెయ్యలేను. తొందరగా వచ్చి ఉంటే రాత్రిపూట మణికట్టుకి పట్టీ కట్టుకుంటే సరిపోయేదేమో అన్నారు. నాకు కోత దాకా వచ్చింది. ఇప్పుడు నొప్పి లేదు గానీ బొటనవేలి కింది కండ కాస్త లోపలికి పోయింది. ఈసారి వీడియో కాల్‌లో చూపిస్తాను, నీకూ భయం ఉండాలి.

కొత్త కీబోర్డు వచ్చాక వెనక ఉండే రెండు చిన్న కాళ్ళు లేపకు, మడిచే ఉంచు. అవి లేపితే మణికట్టు వెనక్కి విరిచినట్టవుతుంది. ఎఫ్, జె అక్షరాల మీద చిన్న గీతలు వేలికి తగులుతాయి, ఆ రెండింటి మధ్య చోటు నీ బొడ్డుకి ఎదురుగా ఉండాలి. చాలామంది కీబోర్డు మొత్తానికి మధ్య చూసుకుంటారు, దాంతో చేతులు పక్కకి పోతాయి. కుడివైపు అంకెల గడి లేని కీబోర్డు అయితే మౌస్ ఇంకా దగ్గరికొస్తుంది. నీది టెస్టింగ్ పని, లెక్కలు కొట్టేది కాదు గనక అదే తీసుకో. టైప్ చేసేటప్పుడు మణికట్టు టేబుల్ అంచుకి నొక్కిపెట్టకు.

ఇదంతా కొలతలేసి అమర్చుకున్నాక కూడా నాలుగు గంటలు కదలకుండా కూర్చుంటే నొప్పి వస్తుంది. ఈ మాట నిన్ను నమ్మించాలనే ఇంత పెద్ద ఉత్తరం. నా మెడ సంగతి తప్పిస్తే, షాపులో మొదటి రోజుల్లో మాకు ఒళ్ళు నొప్పులు పెద్దగా ఉండేవి కావు. కారణం కరెంటు కోత! కరెంటు పోగానే యూపీఎస్ కుయ్యోమంటుంది, గబగబా సేవ్ కొట్టి అందరం టీకొట్టు దగ్గరికి పరుగు. అరగంట నిలబడి కబుర్లు. ఎన్నిసార్లు తిట్టుకున్నామో. తర్వాత ఓనరు పెద్ద ఇన్వర్టర్ కొన్నాడు. అది వచ్చిన ఏడాదే ఒకడికి నడుము, ఒకడికి భుజం, నాకు చెయ్యి. అది వైద్యశాస్త్రం కాదు, మా షాపులో నేను చూసిన సంగతి. నీ ఇంట్లో కరెంటు పోదు కాబట్టి కోత నువ్వే పెట్టుకోవాలి. అరగంటకోసారి లేవాలి, రెండు నిమిషాలైనా చాలు. టేబుల్ మీద ఆ లీటరు సీసా తీసెయ్యి. చిన్న గ్లాసు పెట్టుకుంటే అయిపోయినప్పుడల్లా వంటింట్లోకి నడవాల్సిందే. ఇది మీ అత్త సలహా, నాది కాదు. కెమెరా అక్కర్లేని మీటింగులు నిలబడి విను. మంచం మీద ఒళ్ళో దిండు, దిండు మీద లాప్‌టాప్, ఆ వ్యవహారం మాత్రం ఈరోజుతో ఆపు.

కళ్ళు మండుతున్నాయన్నావు. స్క్రీన్ చూస్తున్నప్పుడు మనం రెప్ప వెయ్యడం బాగా తగ్గిపోతుంది, కళ్ళు ఎండిపోతాయి. ఇరవై నిమిషాలకోసారి ఇరవై అడుగుల అవతలున్నదేదైనా ఇరవై సెకన్లు చూడమంటారు డాక్టర్లు. మీ బాల్కనీలోంచి ఎదుటి మేడ మీద నీళ్ళ ట్యాంకు కనిపిస్తుందిగా, అది చూడు. కిటికీ నీ వెనకా ఉండకూడదు, ఎదురుగానూ ఉండకూడదు, పక్కనుంచి వెలుగు రావాలి. ఫ్యాన్ గాలి సూటిగా మొహానికి కొట్టకుండా జరుగు.

రెండు మూడు వారాల్లో తగ్గకపోతే డాక్టర్‌కి చూపించుకో. వేళ్ళు మొద్దుబారినా, నొప్పి భుజం నుంచి చేతిలోకి దిగినా, గ్లాసు చేతిలోంచి జారుతున్నా అన్నాళ్ళు కూడా ఆగొద్దు. మీ ఆయనకీ చెప్పు, సెలూన్‌లో తల పట్టుకుని మెడ విరిపించుకునే సరదా ఉందన్నావుగా, అది మానెయ్యమను. మెదడుకి రక్తం తీసుకెళ్ళే నాళాలు అక్కడి నుంచే పోతాయి, ఆ విసురుకి అవి చిరిగిన సందర్భాలున్నాయి.

శుక్రవారం మీ తమ్ముడు హైదరాబాద్ వస్తున్నాడు. వాడి చేత వ్యాసపీఠం పంపిస్తున్నాను, నోటుబుక్కు దాని మీద పెట్టుకో. ఒక కాలు కాస్త ఊగుతుంది, కింద అట్టముక్క పెడితే నిలబడుతుంది. అంతా సర్దుకున్నాక పక్కనుంచి ఒక ఫోటో తియ్యమని మీ ఆయనకి చెప్పు. నీకు తెలియకుండా తియ్యమను. తెలిస్తే నువ్వు సర్దుకుని కూర్చుంటావు.

మీ మావయ్య
విజయవాడ