ఒంట్లో పెట్టే యాంటెన్నా: మేనకోడలికి ఒక ఉత్తరం

తిరుపతి

చి. జ్యోత్స్నకు మామయ్య ఆశీస్సులు.

పేస్‌మేకర్‌లో పెట్టే యాంటెన్నాను ప్రాజెక్టుగా తీసుకున్నావని అమ్మ చెప్పింది. చాలా సంతోషమేసింది. గాదంకి వాతావరణ రాడార్‌లో 1024 యాగీ (పాత టీవీ యాంటెన్నాల్లా కడ్డీలతో చేసిన) యాంటెన్నాలు చూసొచ్చిన పిల్లవి, ఇప్పుడు గోరంత దానితో కుస్తీ పట్టబోతున్నావు.

నీ బ్యాండ్, అంటే నీ యాంటెన్నా పనిచెయ్యాల్సిన ఫ్రీక్వెన్సీలు, 402–405 మెగాహెర్ట్జ్. గాలిలో తరంగదైర్ఘ్యం 74 సెంటీమీటర్లు. అందులో పావు వంతుకు కూడా ఛాతీలో చోటు లేదు. కండరం పర్మిటివిటీ (విద్యుత్ క్షేత్రానికి పదార్థం ఎంతగా స్పందిస్తుందో చెప్పే అంకె, అది పెరిగేకొద్దీ తరంగం పొట్టిదవుతుంది) 57 దాకా ఉంటుంది కాబట్టి, అక్కడ తరంగం పది సెంటీమీటర్ల లోపుకు కుదించుకుపోతుంది. యాంటెన్నాను ఇంకా చిన్నది చేసే మిగతా పని లోహపు పట్టీని మెలికలు తిప్పిన దారి, ఆ పట్టీని గ్రౌండ్‌కు (కింది లోహపు భాగానికి) కలిపే షార్టింగ్ పిన్ చూసుకుంటాయి.

అయితే ఆ కండరమే శక్తిని మింగేస్తుంది. అందుకే రిటర్న్ లాస్ గ్రాఫ్ (యాంటెన్నాకు పంపిన శక్తిలో ఎంత వెనక్కి వచ్చిందో చూపేది) లోతుగా దిగిందని సంబరపడొద్దు. శక్తి వెనక్కి రాలేదంటే బయటికి వెళ్లిందని కాదు, ఒంట్లోనే వేడైపోయి ఉండొచ్చు. బ్యాండ్‌విడ్త్ (యాంటెన్నా పనిచేసే ఫ్రీక్వెన్సీల మేర) మరీ వెడల్పుగా వస్తే ముందు ఆ అనుమానమే పడాలి. గెయిన్ (ఒక దిశలో ఎంత బలంగా ప్రసారం చేస్తుందన్న లెక్క, దాని కొలమానం డీబీఐ) మైనస్ 30 డీబీఐ దగ్గర వచ్చిందా, టెన్షన్ పడకు, వీటికి అది మామూలే. లోహం మాంసానికి తగలకుండా అల్యూమినానో సిలికోనో పూత వెయ్యి. పూత కాస్త మందంగా ఉంటే నష్టం కూడా తగ్గుతుంది.

వీలైతే స్విమ్స్ ఆసుపత్రిలో కార్డియాలజీ డాక్టర్లను కలువు. పేస్‌మేకర్‌ను సాధారణంగా కాలర్ ఎముక కింద, చర్మానికీ కండరానికీ మధ్య పెడతారు. అక్కడ కొవ్వు ఎంత ఉంటుందో అడుగు. కొవ్వు పర్మిటివిటీ ఆరు కూడా ఉండదు. సన్నటి మనిషిలో కుదిరిన ట్యూనింగ్ లావుపాటి మనిషిలో జారిపోతుంది. ఒక్క కండరం దిమ్మతో సిమ్యులేషన్ ముగించేస్తే ఇదంతా కనబడదు. పేస్‌మేకర్ టైటానియం డబ్బాను కూడా మోడల్‌లో పెట్టు, నీ గ్రౌండ్ అదే.

కొలతకు కండరం బదులు చక్కెర, ఉప్పు కలిపిన నీళ్లు చాలు. చక్కెర పర్మిటివిటీని దించుతుంది, ఉప్పు వాహకతను పెంచుతుంది. యాంటెన్నాను ముంచి, అనలైజర్ (రిటర్న్ లాస్ కొలిచే పరికరం) మీద గ్రాఫ్ చూస్తూ కేబుల్‌ను వేళ్లతో పట్టుకుని, ఆ వేళ్లను కేబుల్ వెంట మెల్లగా కిందికి జరుపు. గ్రాఫ్ కదిలిందంటే కేబులే యాంటెన్నాలా పనిచేస్తోందన్నమాట. చిన్న గ్రౌండ్‌తో తరచూ జరిగేదే ఇది. యాంటెన్నాకు దగ్గరగా కేబుల్‌కు ఫెరైట్ పూసలు (కేబుల్ పైపొర మీద పారే కరెంటును అడ్డుకునేవి) తొడిగి మళ్లీ కొలువు. గ్రాఫ్ కదలకుండా నిలబడ్డాకే ఆ అంకెలు రిపోర్టులో రాయి.

ఇట్లు,
మామయ్య