ఊసరవెల్లి కాళ్లు వంకర పోతున్నాయి.. పక్షవాతమా?

ప్రశ్న: మేం టెక్సస్‌లోని డాలస్ దగ్గర ఉంటాం. మా అబ్బాయి ముచ్చటపడితే వెయిల్డ్ జాతి ఊసరవెల్లిని కొన్నాం. ఏడు నెలల పిల్ల. పది రోజులుగా ముందుకాళ్లు విల్లులా వంగిపోయి వణుకుతున్నాయి. కొమ్మ మీది నుంచి రెండుసార్లు పడింది. కీచురాయి మీదికి నాలుక విసిరితే సగం దూరం కూడా పోవడం లేదు. పక్షవాతం అనుకుంటున్నాం. పెట్ షాపు వాళ్లు కడుపులో పురుగులు అని మందు చుక్కలు ఇచ్చారు. అద్దాల పెట్టెలో కిటికీ పక్కన ఉంచాం, ఎండ బాగా తగులుతుంది. పైన వేడి బల్బు కూడా ఉంది. ఏం చేయాలి?

– ఒక పాఠకుడు

జవాబు: ఇది పక్షవాతం కాదు. పురుగుల వల్ల కాళ్లు వంగవు. మీరు రాసిన లక్షణాలన్నీ కాల్షియం లోపంతో ఎముకలు మెత్తబడే జబ్బువే. నాలుక సాగకపోవడమూ అందులో భాగమే, ఆ కండరాలకూ కాల్షియం కావాలి.

కారణం మీ ఉత్తరంలోనే ఉంది. కిటికీ అద్దం దాటి వచ్చే ఎండలో యూవీబీ (ఒక రకం అతినీలలోహిత) కిరణాలు దాదాపు ఉండవు. వేడి బల్బు వేడిని మాత్రమే ఇస్తుంది. యూవీబీ లేకుంటే ఒంట్లో విటమిన్ డీ3 తయారు కాదు, అది లేకుంటే తిన్న కాల్షియం వంటబట్టదు. పైగా కీచురాళ్లలో భాస్వరం ఎక్కువ, కాల్షియం బాగా తక్కువ.

పురుగుల మందు ఈ రోజే ఆపండి. పేడ పరీక్ష చేయకుండా, బరువు చూడకుండా చుక్కలు చేతిలో పెట్టడం వైద్యం కాదు. మన ఊళ్లలో పురుగుమందుల కొట్టువాడు ఆకు చూడకుండానే డబ్బా ఇవ్వడానికీ దీనికీ తేడా లేదు. అమ్మేటప్పుడు యూవీబీ ట్యూబు తప్పనిసరని ఒక్క మాట చెప్పి ఉంటే ఈ పిల్లకు ఇంత బాధ ఉండేది కాదు.

ఈ వారంలోనే సరీసృపాలు చూసే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. కుక్కలు, పిల్లులు మాత్రమే చూసేవారు చాలరు. అసోసియేషన్ ఆఫ్ రెప్టీలియన్ అండ్ యాంఫీబియన్ వెటరినేరియన్స్ వెబ్‌సైటులో మీ దగ్గరి డాక్టర్లు దొరుకుతారు. వంటింటి త్రాసు మీద గ్రాముల్లో బరువు చూసి రాసుకోండి, అదే రోజు వేసిన పేడ కొంచెం జిప్ కవరులో పెట్టుకోండి. ఎక్స్‌రే, రక్తంలో కాల్షియం చూశాక సిరప్ మోతాదు ఆయన నిర్ణయిస్తారు. మీ అంతట మీరు కాల్షియం సిరప్ గానీ, డీ3 చుక్కలు గానీ పోయొద్దు. డీ3 ఎక్కువైతే మూత్రపిండాల్లో, రక్తనాళాల్లో సున్నం పేరుకుంటుంది.

ట్యూబు మాత్రం రేపటి దాకా ఆగకండి. పొడవాటి టీ5 హెచ్‌ఓ రకం, 6 శాతం యూవీబీది తీసుకోండి. మెలికల చిన్న బల్బు వద్దు. జాలీ మూత మీద పెట్టి, పిల్ల కూర్చునే కొమ్మను దాని వీపు ట్యూబుకు 8–9 అంగుళాల దూరంలో ఉండేలా కట్టండి. మధ్యలో అద్దం, ప్లాస్టిక్ ఏదీ ఉండకూడదు. రోజుకు 12 గంటలు వెలగాలి, రాత్రి పూర్తి చీకటి. ఏడాదికోసారి ట్యూబు మార్చాలి. వెలుగు వస్తూనే ఉంటుంది, యూవీబీ తగ్గిపోతుంది. కొన్న తేదీ ట్యూబు మీదే రాయండి. వేడి బల్బు కింద 85 డిగ్రీల ఫారన్‌హీట్ దాటనివ్వకండి.

కోలుకునేదాకా ట్యూబుతో సహా కొమ్మలన్నీ కిందికి దించి, అడుగున మెత్తటి తువ్వాలు పరవండి. కొమ్మ పట్టుకుని ఉన్నప్పుడు లాగి తీయొద్దు, కాలు విరుగుతుంది. నోరు బలవంతంగా తెరిచి తినిపించొద్దు, దవడ ఎముకా మెత్తగానే ఉంటుంది. కీచురాళ్లను చిన్న గిన్నెలో నోటి దగ్గర పెట్టండి. వాటికి ముందు రోజంతా ఆకుకూరలు మేపి, డీ3 లేని కాల్షియం పొడి పల్చగా అద్ది ప్రతిసారీ ఇవ్వాలి. డీ3, విటమిన్లు కలిసిన పొడి 15 రోజులకోసారి చాలు. గిన్నెలో నీళ్లు తాగదు, ఉదయం, సాయంత్రం ఆకుల మీద రెండు మూడు నిమిషాలు పిచికారీ చేయండి.

మీరు రాయని సంగతి ఒకటుంది. వెనక పాదాల మడమ దగ్గర చిన్న బొడిపె ఉందా? ఉంటే మగది. లేకుంటే ఆడది. ఈ వయసులో మగతోడు లేకున్నా గుడ్లు కట్టవచ్చు. గుడ్ల కోడికి షెల్ గ్రిట్ (ఆల్చిప్పల నూక) అందకపోతే ఒంట్లో ఎముకనే కరిగించుకున్నట్టు, ఇదీ అంతే. ఆడదైతే అడుగు లోతు తడి ఇసుక తొట్టె వెంటనే పెట్టండి, డాక్టరుకు ఆ మాట ముందే చెప్పండి. గుడ్లు లోపలే ఆగిపోతే ప్రాణం పోతుంది.

వణుకు, బలహీనత కొన్ని వారాల్లో తగ్గవచ్చు. వంగిన ఎముక మాత్రం పూర్తిగా తిన్నబడదు. అబ్బాయికి ఆ మాట ఇప్పుడే చెప్పండి.

ఇది చదివి ఇక్కడ చేలల్లో దొరికే ఊసరవెల్లిని పట్టి పెంచుదామనుకునే వారికి: 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. జబ్బుగా కనబడితే ఇంటికి తేవద్దు, అటవీ శాఖ వారికి కబురు చేయండి.

– సరీసృపాల వైద్య నిపుణులు