గాలి పంపు విప్పే ముందు

చిరంజీవి అల్లుడికి,

గీసుగొండ టెక్స్‌టైల్ పార్కులో అద్దకం యూనిట్లో ఫిట్టర్‌గా చేరుతున్నావని మీ అమ్మ నిన్న ఫోన్ చేసింది. మా నాయన ఆజంజాహి మిల్లులో మగ్గాల దగ్గర నిలబడ్డాడు, నేను 30 ఏళ్లు పంపుల దగ్గర. ఇప్పుడు నువ్వు. మస్తు సంతోషమైంది. కానీ నీకిచ్చింది కాస్టిక్ లైను, అదే చర్మం కాల్చే ఘాటు సోడా పారే పైపులు, అని చెప్పగానే రంధి మొదలైంది.

ఆ కాస్టిక్ తోడే పంపు కంప్రెసర్ గాలితో నడుస్తుంది, దాని సంగతి పెద్దగా ఏం లేదు. రెండు డయాఫ్రంలు, అంటే ముందుకూ వెనక్కూ ఆడే పొరలు, నడుమ షాఫ్టు, తోడింది వెనక్కి పోకుండా ఆపే నాలుగు బాల్స్. కదలకపోతే ముందు గాలి వస్తుందా, డెలివరీ వాల్వు, అంటే బయటికి పంపే పైపు వాల్వు, తెరిచి ఉందా చూడు. డెలివరీ మూస్తే ఆగిపోవడం దాని గుణం. మూసినా టకటక కొట్టుకుంటూనే ఉంటే బాల్ సీటు మీద సరిగా కూర్చోవట్లేదు, లేదా డయాఫ్రం పోయింది. వేగంగా కొట్టుకుంటూ ఏమీ తోడకపోతే లోపలికి తోడే సక్షన్ పైపు ఎక్కడో గాలి పీలుస్తోంది. వాడిన గాలి బయటికి పోయే మఫ్లర్ మీద మంచు పేరుకుంటే, మన ఎండల్లో మంచేందని నవ్వకు, గాలిలో తడి ఉంది. కంప్రెసర్ ట్యాంకు కింది నీళ్లు రోజూ వదులు. మఫ్లర్లోంచి కాస్టిక్ కారితే డయాఫ్రం చినిగినట్టే. వేలితో ముట్టి చూడకు. సబ్బులాగా జారుతుంది, చర్మం కరుగుతుంటే అట్లనే ఉంటుంది.

ఇక అసలు మాట. ఇది మీ అత్తకు కూడా పూర్తిగా చెప్పలేదు.

నేను పనిచేసిన ఒకచోట డెలివరీ పైపు 20 అడుగులు పైకి పోయి ట్యాంకులో పడేది. ఒక సాయంత్రం పంపు ఉత్తగనే కొట్టుకుంటోంది. బాల్ కింద చెత్త ఇరుక్కుందని సప్పుడు వినే పట్టేశాను. ఆ గర్వమే నన్ను ముంచింది. ఎయిర్ కాక్ మూశాను, గాలి లేదు కదా, ఇంకేం భయం అనుకున్నాను. పైన నిలిచిన కాస్టిక్ గుర్తు రాలేదు. గాలి పోతుంది గానీ అది ఎక్కడికి పోతుంది? పై బాల్ మీదనే కూర్చుని ఉంటుంది. పై క్లాంపు బోల్టు రెండు చుట్లు వదులు చేశానో లేదో, బుస్సుమని కొట్టింది.

నా మీద పడలేదు. నాకు టార్చ్ పట్టుకుని వంగిన హెల్పర్ పిల్లగాని కంట్లో పడింది. నీ వయసే. అద్దాలు నా జేబులోనే ఉన్నాయి, వాడికైతే లేనే లేవు. రెండు చెంబుల నీళ్లు కొట్టి, తువ్వాలతో అదిమి, ఆటో కోసం ఉరికాను. 20 నిమిషాలు ఆపకుండా కడగాలని దవాఖానలో తిట్టేదాకా నాకు తెలియదు. ఇప్పటికీ పెళ్లిళ్లలో కలిస్తే మెడ పక్కకు తిప్పి ఒంటికంటితో చూసి, "బాగున్నవా అన్నా" అంటాడు. ఒక్కనాడూ నన్ను అనలేదు. అదే కష్టం.

అందుకే చెప్తున్నా. గాలి మూసి, గాలి లైనులో మిగిలిన గాలి వదిలి, డెలివరీ వాల్వు మూసి, పంపు డ్రెయిన్ చేసి, అప్పుడు స్పానర్ పట్టు. సూపర్‌వైజర్ తొందర పెడితే పెట్టనీ. చేరిన రోజే కళ్లు కడిగే నల్లా ఎక్కడుందో చూసి, తిప్పి, నీళ్లు వస్తున్నాయో లేదో చూడు. పైలం బిడ్డా.

ఈ కవర్లో రెండు జతల అద్దాలు పెట్టాను, ఒకటి నీకు, ఒకటి నీకు టార్చ్ పట్టేటోనికి. వచ్చే నెల ఇంటికొచ్చినప్పుడు రెండూ తీసుకురా. గీతలు పడ్డాయో లేదో చూస్తా.

మీ మామ
హన్మకొండ